సింధియా జంక్షన్ నుంచి హాడో రేవు దాకా

ఆదివారం, విశాఖపట్నం

విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడ నెలకు ఒకటి రెండుసార్లకు మించి ఉండదు. తేదీ కూడా ముందుగా ఖాయంగా తెలియదు. ప్రకటన వచ్చాక రేవు దగ్గరున్న ఏజెంటు ఆఫీసుకి వెళ్లి, క్యూలో నిలబడి టికెట్ తీసుకున్నాను. దూరం దాదాపు 1,200 కిలోమీటర్లు. సముద్రం ఎలా ఉందన్నదాన్ని బట్టి రెండున్నర రోజుల దాకా పడుతుంది. విమానమెక్కితే ఆ పూటకే దిగిపోవచ్చు కదా అని ఇంట్లోవాళ్లు అన్నారు. నేను మాత్రం ఓడే ఎక్కాలనుకున్నాను. ఈ ఓడను నడిపేది షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా. స్వతంత్రం వచ్చాక ఈ దేశం తన డబ్బుతో సమకూర్చుకున్న సర్కారు ఓడల బలగం అది. దాని చరిత్ర చాలాకాలంగా చదువుతున్నాను. ఆ ఓడల్లో సామాన్య జనం ఇంకా ఎక్కి తిరిగే దారులు కొన్నే మిగిలాయి, అందులో ఒకటి మన ఊరి నుంచే పోతోంది.

దొరికిన ఓడ పేరు స్వరాజ్ ద్వీప్. 1999లో విశాఖలోనే, హిందుస్థాన్ షిప్‌యార్డులో తయారైంది. యజమాని అండమాన్ నికోబార్ పాలనా యంత్రాంగం. సిబ్బందిని పెట్టి నడిపే పని కార్పొరేషన్‌ది.

చేతిలో ఒక రోజు ఉంది కాబట్టి సింధియా వైపు వెళ్లాను. సిటీ బస్సెక్కి "సింధియా" అంటే కండక్టర్ టికెట్ కొట్టి చేతిలో పెడతాడు. అదొక ఓడల కంపెనీ పేరని ఆ చుట్టుపక్కల కాలనీల్లో పెరిగిన కుర్రాళ్లలో చాలామందికి తెలియదు. నాకు ఇది బాధగానే ఉంటుంది. ఈ దేశపు ఓడల కథలో సగం ఆ జంక్షన్ చుట్టూ జరిగింది.

వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ తదితరులు కలిసి 1919లో సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టారు. గ్వాలియర్ మహారాజు సింధియా యుద్ధకాలంలో ఆసుపత్రి ఓడగా నడిపిన 'లాయల్టీ'ని కొన్నారు. 1919 ఏప్రిల్ 5న అది బొంబాయి నుంచి లండన్‌కు బయల్దేరింది. ఏటా ఆ తేదీనే జాతీయ నౌకాయాన దినం జరుపుకుంటున్నాం. అప్పటికి మన తీరంలో సరుకైనా మనుషులైనా బ్రిటిష్ కంపెనీల ఓడల్లోనే కదలాలి. ఎవరైనా దేశీ కంపెనీ తలెత్తితే అవి కిరాయి ఒక్కసారిగా పడగొట్టేవి. పోటీదారు దివాలా తీసేదాకా నష్టానికే నడిపి, ఆ తర్వాత మళ్లీ పెంచేవి. తూత్తుకుడిలో చిదంబరం పిళ్లై 1906లో పెట్టిన స్వదేశీ ఓడల కంపెనీ ఇలాగే నలిగిపోయింది. సింధియా నిలబడింది. 1933 అక్టోబరులో విశాఖ కొత్త రేవులోకి మొట్టమొదట వచ్చిన ఓడ 'జలదుర్గ' కూడా సింధియాదే.

ఓడలు కొంటే చాలదు, ఇక్కడే కట్టాలని వాల్‌చంద్ పట్టుబట్టాడు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ విశాఖ షిప్‌యార్డుకి శంకుస్థాపన చేశారు. ఏడాది తిరక్కుండా, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. పని ఆగింది. యుద్ధం ముగిశాక మళ్లీ మొదలైంది. 1948 మార్చి 14న నెహ్రూ వచ్చి 'జల ఉష'ను నీళ్లలోకి దించారు. ఎనిమిది వేల టన్నుల ఓడ అది. స్వతంత్ర భారతంలో కట్టిన తొలి పెద్ద ఓడగా పిల్లల పాఠాల్లో ఉండాల్సిన పేరు. యార్డును 1952లో ప్రభుత్వం చేతిలోకి తీసుకోవడం మొదలుపెట్టింది, 1961 నాటికి పూర్తిగా ప్రభుత్వానిదైంది.

గేటు బయట టీ కొట్టు దగ్గర కాసేపు నిలబడ్డాను. గోడ మీదుగా క్రేన్ల తలలు కనిపిస్తున్నాయి. లోపలికి అనుమతి లేదు.

సోమవారం, రేవు దాటి

పొద్దున్నుంచే జనం. గుర్తింపు కార్డులు, సామాన్ల తనిఖీ, మళ్లీ క్యూ. బియ్యం బస్తాలు, పచ్చళ్ల డబ్బాలు, స్టీలు బిందెలు, కొత్త మిక్సీ, ఒకావిడ చేతిలో కరివేపాకు మొక్క. శ్రీకాకుళం, విజయనగరం మాటలే ఎక్కువగా వినిపించాయి. అండమాన్ దీవుల్లో తెలుగువాళ్లు బాగా ఉన్నారు. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో మన మత్స్యకారుల పేటే ఉంది. వీళ్లకు ఇది విహారయాత్ర కాదు, ఊరికి పోయి వచ్చే బస్సు లాంటిది. దీవుల వాసులకు టికెట్ ధర కూడా తక్కువ.

నాది బంకు క్లాసు. కింది డెక్కులో వరసలుగా పరుపులు, రెండేసి అంతస్తులు. డబ్బున్నవాళ్లకు పైన క్యాబిన్లు ఉన్నాయి. నేను బంకు కోరి తీసుకున్నాను. కథలు ఉండేది అక్కడే.

సాయంత్రం మోకులు విప్పారు. రేవులో ఓడకు దారి చూపే పైలట్ ఎక్కాడు, టగ్గులు పక్కకు లాగాయి. వెంకటేశ్వరస్వామి కొండ, దర్గా కొండ, చర్చి ఉన్న రాస్ హిల్, మూడూ ఒక పక్కన మెల్లగా వెనక్కి జరిగాయి. రెండో పక్క షిప్‌యార్డు. తాను పుట్టిన చోటు ముందు నుంచే ఈ ఓడ వెళ్తోంది. చుట్టూ ఉన్నవాళ్లకు చెప్పాను. కొందరు లేచి వచ్చి రెయిలింగ్ పట్టుకుని చూశారు. తర్వాత డాల్ఫిన్స్ నోస్ కొండ నీడలోంచి కాలువ దాటి బయటపడ్డాం. పైలట్ తాడునిచ్చెన మీదుగా తన పడవలోకి దిగిపోయాడు. అక్కడి నుంచి ఓడ ఊగడం మొదలైంది.

నా పక్క బంకులో భీమిలి వైపు పెద్దాయన. ఖలాసీగా చేరి సరంగుగా, అంటే ఖలాసీల పెద్దగా, రిటైరయ్యారు. ఎక్కువ కాలం కార్పొరేషన్ ఓడల్లోనే. కూతురు పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటుందట, మనవడి అన్నప్రాసనకు వెళ్తున్నారు. నా చేతిలో నోట్సు చూసి, "మీరేటి బాబూ, ఓడల మీద రాస్తారా?" అన్నారు. అవునన్నాను. "అయితే రేపు టిఫినయ్యాక పైకి రండి" అన్నారు.

మంగళవారం, బంగాళాఖాతం

ఎటు చూసినా నీళ్లే. రాత్రి కొందరికి వాంతులయ్యాయి. నాకు నిమ్మకాయ వాసనతో గడిచిపోయింది. పొద్దున ఉప్మా తిని డెక్కు మీదికి వెళ్లేసరికి నిన్నటి పెద్దాయన నీడ పట్టున కూర్చుని ఉన్నారు. బాబాయి గారు అని పిలవడం మొదలుపెట్టాను.

ఆయన చెప్పిందీ, నేను చదివిందీ కలిపి రాస్తున్నాను.

1947లో మన జెండాతో తిరిగే ఓడల మొత్తం సామర్థ్యం రెండు లక్షల టన్నులు కూడా లేదు. సర్ సి.పి. రామస్వామి అయ్యర్ అధ్యక్షతన వేసిన కమిటీ దాన్ని ఇరవై లక్షలకు పెంచాలంది. అంత డబ్బు ప్రైవేటు కంపెనీల దగ్గర లేదు. పైగా కొత్త దారిలో ఓడ వేస్తే మొదట కొన్నేళ్లు నష్టమే. అందుకని 1950లో ప్రభుత్వం ఈస్టర్న్ షిప్పింగ్ కార్పొరేషన్ పెట్టింది. విశేషమేమిటంటే అందులో సింధియా కంపెనీ భాగస్వామి, నడిపే ఏజెంటు కూడా అదే. ప్రైవేటును తోసిరాజని ప్రభుత్వం ఓడల్లోకి దిగిందనే మాట తరచూ వింటుంటాం. అది నిజం కాదు. ఒంటరిగా మోయలేని బరువుకి రెండో భుజంగా ప్రభుత్వం వచ్చింది. 1956లో ఈస్టర్న్ పూర్తిగా ప్రభుత్వానిదైంది. అదే ఏడు పర్షియన్ గల్ఫ్, ఎర్ర సముద్రం వైపు దారుల కోసం వెస్టర్న్ షిప్పింగ్ కార్పొరేషన్ పుట్టింది. 1961 అక్టోబరు 2న, గాంధీ జయంతి రోజున, రెంటినీ కలిపి షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా చేశారు. మొదలైనప్పుడు ఉన్నవి 19 ఓడలు.

దాన్ని నిలబెట్టినవాళ్లలో మొదట చెప్పాల్సిన పేరు సి.పి. శ్రీవాస్తవ. ఐఏఎస్ అధికారి. మధ్యలో లాల్ బహదూర్ శాస్త్రి దగ్గర పనిచేసి, మళ్లీ కార్పొరేషన్‌కు వచ్చారు. 1974లో ఐక్యరాజ్యసమితి నౌకాయాన సంస్థకు సెక్రటరీ జనరల్ అయి 1989 దాకా ఆ పదవిలో ఉన్నారు. ఒక ప్రభుత్వ సంస్థను నడిపిన అనుభవం ఆయన్ను ప్రపంచ ఓడలకు నియమాలు రాసే కుర్చీలో కూర్చోబెట్టింది. మనం ఇలాంటివాళ్లను త్వరగా మర్చిపోతాం.

బాబాయి గారు ఎక్కిన తొలి ఓడ 'విశ్వ' పేరుతో మొదలయ్యే వరసలోది. ఆ వరసలో ఎన్నో విశాఖ యార్డులోనే కట్టినవి. "గోనె సంచులు, తేయాకు, యంత్రాలు, ఏది పడితే అది ఏసీవోళ్లం బాబూ. కంటైనర్లెక్కడివి అప్పుడు? ఒక్కో రేవులో వారం పది రోజులు. సరుకు దింపి, మళ్లీ ఎక్కించి, హోల్డు ఊడ్చి, మళ్లీ బయల్దేరీసరికి ఒళ్లు హూనమైపోయీది" అన్నారు. ఇంటి నుంచి ఉత్తరం ఏజెంటు ఆఫీసుకి వచ్చేదట. ఓడ దారి మళ్లితే ఉత్తరం ఒక రేవులో, మనిషి ఇంకో రేవులో. పెద్ద కూతురు పుట్టిన సంగతి ఆయనకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఫిర్యాదు లేదు. "మన జెండా ఏసుకుని పరాయి రేవులోకెళ్లినప్పుడు ఆ గర్వం వేరు" అన్నారు.

చమురు ఓడల గురించి అడిగాను. ఆయన వాటి మీద పనిచేయలేదు కానీ, 'కాంచన్‌జంగా' సంగతి ఆ రోజుల్లో ఖలాసీలందరికీ తెలుసన్నారు. కార్పొరేషన్‌కు చెందిన భారీ ముడిచమురు ఓడ అది. 1980 చివర్లో ఇరాన్ ఇరాక్ యుద్ధం నడుస్తుండగా అద్దెకు తీసుకున్నవాళ్లు దాన్ని ఇరాన్‌లోని ఖార్గ్ దీవికి పంపారు. చమురు ఎక్కించుకోడానికి ఎదురుచూస్తున్న రోజుల్లో ఇరాక్ విమానాలు దాడి చేశాయి. కెప్టెన్ లంగరెత్తి ఓడను బయటికి తీసుకుపోయాడు. నష్టం ఎవరిదన్న వివాదం లండన్‌లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా పోయి 1990లో తేలింది. నౌకా చట్టం చదివేవాళ్లు ఈనాటికీ ఆ తీర్పును చదువుకుంటారు. వాళ్లకది కాంట్రాక్టు సూత్రం. నాకు మాత్రం తన కింద ఉన్న మనుషుల ప్రాణాలను ముందుంచిన ఒక కెప్టెన్ కనిపిస్తాడు.

ఇంకో కథ మన తెలుగువాడిదే, గర్వపడే కథ కాదు. జయంతి ధర్మతేజ 1961లో జయంతి షిప్పింగ్ కంపెనీ పెట్టాడు. ఢిల్లీ పెద్దల్లో పలుకుబడి, మాటకారితనం. ప్రభుత్వ నౌకాభివృద్ధి నిధి నుంచి పెద్ద అప్పు దొరికింది, జపాన్‌లో పెద్ద పెద్ద ఓడలకు ఆర్డర్లు ఇచ్చాడు. కొన్నేళ్లు ఆయనే దేశపు ఓడల రాజు. తర్వాత డబ్బు దారి మళ్లిందని తేలింది, ఆయన దేశం విడిచిపోయాడు. 1966లో ప్రభుత్వం కంపెనీ యాజమాన్యాన్ని చేతిలోకి తీసుకుంది. తేజను బ్రిటన్ నుంచి రప్పించి విచారించారు, శిక్ష పడింది. 1973లో జయంతి కార్పొరేషన్‌లో కలిసిపోయింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మోసం చేసినవాడు పోయాక ఆ ఓడలను, వాటి అప్పులను, వాటిమీద బతికే ఖలాసీలను ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా. ఆ పని సర్కారు కంపెనీ చేసింది. "జయంతి ఓడలోంచి వచ్చినోళ్లు మాతో పనిచేశారు. జీతం ఆగలేదు వాళ్లకి" అన్నారు బాబాయి గారు. లాభనష్టాల పట్టికలో ఈ మాటకు చోటు లేదు.

బుధవారం, ఇంకా సముద్రమే

పొద్దున ఎగిరే చేపలు కనిపించాయి. పిల్లలు అరిచారు. మధ్యాహ్నం అన్నం, పప్పు, కోడిగుడ్డు కూర.

కరివేపాకు మొక్క పట్టుకున్నావిడ బంకు మా వరసలోనే. మామ్మ అని పిలుస్తున్నాం అందరం. ఆవిడ రంగూన్‌లో పుట్టారు. కాకినాడ, విశాఖ రేవుల నుంచి లక్షలాది తెలుగువాళ్లు బర్మాకు కూలికి పోయిన కాలం ఒకటుంది. వరి కోతలకి, రేవు పనికి, మిల్లులకి. అప్పుడు వాళ్లను తీసుకుపోయినవి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ అనే ఆంగ్లేయుల కంపెనీ ఓడలు, డెక్కు మీద కుక్కి. 1960లలో బర్మా సైనిక ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక మనవాళ్లు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అలా వెలిసిందే. మామ్మ అప్పుడు చిన్నపిల్ల. "మన గవర్నమెంటు ఓడ పంపింది నాయనా. నాన్న మెట్లెక్కుతూ ఏడ్చేశాడు. ఓడలో అన్నం పెట్టారు, అది గుర్తుంది" అన్నారు. టికెట్ డబ్బు కట్టలేని మనుషుల కోసం ఓడ పంపాలంటే, ఆ ఓడను పంపమని చెప్పే హక్కు దేశానికి ఉండాలి. సర్కారు ఓడలు ఎందుకు అని అడిగేవాళ్లకు నా మొదటి జవాబు మామ్మే.

ఇలాంటి ప్రయాణికుల దారులు కార్పొరేషన్ ఎన్నో మోసింది. మద్రాసు నుంచి సింగపూర్ దాకా దాదాపు అర్ధ శతాబ్దం తిరిగిన 'రాజుల' అనే పాత ఓడను 1973లో కొని 'రంగత్' అని పేరు మార్చింది, అప్పటికే దాని ఆయుష్షు అయిపోయింది. అదే దారిలో 'చిదంబరం' అనే ఓడ తిరిగింది. 1980లలో అందులో మంటలు లేచి ప్రయాణికులు చనిపోయారు. ఆ ఓడ మళ్లీ సముద్రం మీదికి రాలేదు. 1877 నాటి మొఘల్ లైన్ హజ్ యాత్రికులను బొంబాయి నుంచి జెద్దాకు తీసుకుపోయేది. 1986లో అది కార్పొరేషన్‌లో కలిసింది. 1995 తర్వాత ఓడ మీద హజ్ యాత్ర ఆగిపోయి, అందరూ విమానంలోనే వెళ్తున్నారు.

2015లో యెమెన్ యుద్ధంలో చిక్కుకున్న మనవాళ్ల కోసం నౌకాదళంతో పాటు రెండు లక్షద్వీప్ ప్రయాణికుల ఓడలు కూడా వెళ్లాయి. 'కవరత్తి', 'కోరల్స్'. ఆ కవరత్తి కూడా విశాఖ యార్డులో కట్టిందే. ఈ మాట చెప్పగానే బాబాయి గారు తొడ మీద చరిచి "అదీ!" అన్నారు.

సాయంత్రం మా మాటలు ఇప్పటి పరిస్థితి మీదికి మళ్లాయి. ఇక్కడ నాకు మనసు కుదురుగా ఉండదు. కార్పొరేషన్ దగ్గర ఇప్పుడు యాభై పైచిలుకు ఓడలు, దాదాపు 50 లక్షల టన్నుల సామర్థ్యం ఉన్నాయి. ఎక్కువ భాగం చమురు ఓడలు. చిన్న సంఖ్య కాదు, కానీ దేశపు వ్యాపారం అంతకు ఎన్నో రెట్లు పెరిగింది. 1980ల చివర్లో మన ఎగుమతి దిగుమతి సరుకులో దాదాపు 40 శాతం మన జెండా ఓడలు మోసేవి. ఇప్పుడు పది శాతం కూడా మోయడం లేదు. మిగతాదంతా పరాయి ఓడలకు కిరాయిగా, ఏటా లక్షల కోట్ల రూపాయలు.

ఎందుకిలా అయ్యింది? ఒకప్పుడు ప్రభుత్వ సంస్థలు విదేశాల్లో సరుకు కొంటే అక్కడి రేవు దగ్గరే స్వాధీనం చేసుకునేవి. ఓడ మాట్లాడుకునే హక్కు మనదే కాబట్టి ముందు మన ఓడకే సరుకు. తర్వాత ఆ పట్టు సడలింది. 'మా ఊరి దాకా తెచ్చి పడెయ్' అంటే ఓడను అమ్మేవాడే ఎంచుకుంటాడు, ఇక మన ఓడకు సరుకు రాదు. ఓడల కొనుగోలుకి అప్పులిచ్చే నౌకాభివృద్ధి నిధి సంఘాన్ని 1980ల చివర్లో ఎత్తేశారు. పనామా, లైబీరియా జెండాల కింద పన్నుల బరువు లేకుండా తిరిగే ఓడలతో మన ఓడ పోటీపడాలి. లాభం మీద కాకుండా ఓడ టన్నుల లెక్కన వేసే టన్నేజీ పన్ను తెచ్చి ప్రభుత్వం కొంత ఊరట ఇచ్చింది 2004లో.

2008లో నవరత్న హోదా, అంటే సొంతంగా నిర్ణయాలు తీసుకునే స్వేచ్ఛ ఎక్కువగా ఉండే హోదా, ఇచ్చిన అదే కంపెనీలో తన వాటా 63.75 శాతం అమ్మేస్తామని 2019లో కేంద్రం నిర్ణయించింది. ముంబైలోని షిప్పింగ్ హౌస్ లాంటి ఆస్తులను విడదీసి వేరే కంపెనీ కింద పెట్టారు. ఏళ్లు గడుస్తున్నా అమ్మకం కొలిక్కి రాలేదు. రాకపోవడమే మంచిదని నేను నమ్ముతాను. కార్పొరేషన్‌లో తప్పులు లేవని అనను. ఓడలు కొనాల్సినప్పుడు కొనకపోవడం, నిర్ణయం ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకి తిరుగుతూ మార్కెట్ ధర మారిపోవడం, ఇవన్నీ నిజమే. కానీ వాటికి మందు ఓడలు కొనడం, నిర్ణయాలు తొందరగా తీసుకోవడం. యుద్ధం వచ్చి గల్ఫ్‌లో దారి మూసుకుపోయిన రోజున కిరాయి ఓడ రాదు. వచ్చినా బీమా ఖర్చు అంతా మన నెత్తిన వేసి వస్తుంది.

బాబాయి గారు అన్నీ విని ఒక్క ప్రశ్న వేశారు. "అమ్మేస్తే ఈ ఓడెవరు నడుపుతారు బాబూ?" అండమాన్ ఓడల ఖర్చు దీవుల పాలనా యంత్రాంగం భరిస్తుంది కాబట్టి టెండరు పిలిచి ఎవరికైనా ఇవ్వొచ్చని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు. నాకూ నా జవాబు నచ్చలేదు. ఇంత సముద్రంలో ఇన్ని దశాబ్దాలు తిరిగిన చేతుల నైపుణ్యాన్ని టెండరు కాగితంలో రాయలేం.

గురువారం, పోర్ట్ బ్లెయిర్

అండమాన్‌లో పొద్దు చాలా ముందే పొడుస్తుంది, గడియారం మాత్రం మనదే. తెల్లారేసరికి డెక్కంతా జనం. ముదురాకుపచ్చ కొండలు, ఒడ్డు దాకా చెట్లు. రాస్ దీవి పక్కగా లోపలికి వచ్చాం. చాతమ్ దీవిలో 1883 నుంచి ఉన్న కలప మిల్లు కనిపించింది. దాని తర్వాత హాడో రేవు. ఊరికి 2024లో శ్రీవిజయపురం అని పేరు పెట్టారు. ఓడలో అందరూ పోర్ట్ బ్లెయిర్ అనే అంటున్నారు.

ఒకప్పుడు 'మహారాజా' అనే ఓడ మద్రాసు, కలకత్తా నుంచి ఖైదీలను ఇక్కడికి తెచ్చేది. 1911లో సావర్కర్‌ను తెచ్చింది అదే. కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకర వెంకటాచార్యులు గారు కూడా ఈ నీళ్లు దాటి సెల్యులార్ జైలుకే వచ్చారు.

దిగేటప్పుడు ఎక్కినప్పటి కంటే ఎక్కువ హడావిడి. బస్తాలు భుజాల మీదికి, పిల్లలు చంకల్లోకి. బాబాయి గారి అల్లుడు గేటు దగ్గర ఉన్నాడు. ఆయన నా చేయి పట్టుకుని, అన్నప్రాసనకు తప్పకుండా రావాలని ఇంటి గుర్తులు చెప్పారు. వెళ్తాను.

మామ్మ ప్రయాణం మాత్రం ఇంకా అవలేదు. ఆవిడ ఉండేది లిటిల్ అండమాన్‌లో, హట్ బేలో. అక్కడికి దీవుల మధ్య తిరిగే ఇంకో ఓడ పట్టుకోవాలి. కౌంటర్ దగ్గర అడిగితే ఎల్లుండి పొద్దున ఉంది, టికెట్లు రేపు ఇస్తామన్నారు. అప్పటిదాకా జంగ్లీఘాట్‌లో చుట్టాలింట్లో ఉంటానని, కరివేపాకు మొక్క నా చేతికిచ్చి తన సంచులు సర్దుకున్నారు. ఆటో దాకా మొక్కను మోసింది నేనే.